లారీ క్యాబిన్‌లో ముందు బిగించాల్సినవి

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ పని చేస్తాను. చార్జర్లు, ఫ్యాన్లు, జీపీఎస్‌లు, కెమెరాలు, టైర్లలో గాలి చూపించే మీటర్లు, అన్నీ మా చేతుల మీదుగానే బిగుస్తాయి, పనికిరావని ఊడదీసేదీ మేమే. అందుకే ఏ వస్తువు డ్రైవర్లు రోజూ వాడుకుంటారో, ఏది నెల తిరక్కముందే వైర్లు వేలాడుతూ డ్యాష్‌బోర్డు కింద చేరుతుందో కళ్లారా చూస్తుంటాను. ఓనర్లు డబ్బు పెట్టేటప్పుడు ముందు బండి ఎక్కడుందో చూపించేది కొంటారు, తర్వాత డీజిల్ ఎంతుందో చూపించేది కొంటారు, ఆ బండిలో పగలూ రాత్రీ ఉండే మనిషికి గాలి ఎలా తగులుతుంది, అతను ఎప్పుడు పడుకుంటాడు అనే మాట ఎక్కడా రాదు. నాకు అదే బాధ. డ్రైవర్ ఒంటికి, నిద్రకి పనికొచ్చేవి ముందు పెట్టించండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

కొనేముందు చూసుకోవాల్సింది ఒకటుంది. కారుకి 12 వోల్టులు, పెద్ద లారీకి 24. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసలో కలిపితే ఆ 24 వస్తుంది. కారు కోసం తయారైన చౌక చార్జరు తెచ్చి లారీలో గుచ్చితే కాసేపు పనిచేసినట్టే ఉండి మాడిపోతుంది, ఒక్కోసారి ఫోన్‌నీ తీసుకుపోతుంది. చార్జరు మీద 12 నుంచి 24 వరకు అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

ఇంతకన్నా పెద్ద గొడవ ఇంకోటి. పాటల సెట్టు కోసమో, కారు ఫ్యాన్ కోసమో కొందరు ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగేస్తారు. 12 వోల్టులు దొరికాయి, సెట్టు మోగింది, అందరూ హ్యాపీ. కానీ ఆల్టర్నేటర్ రెండు బ్యాటరీలకీ కలిపి ఒకే లెక్కన చార్జింగ్ ఇస్తుంది, వాటిలో ఏది ఖాళీగా ఉందో దానికి తెలియదు. రోజూ లోడు పడే బ్యాటరీ ఎప్పటికీ నిండదు, రెండోదానికి మోతాదు మించి ఎక్కి లోపలి నీళ్లు ఇగిరిపోతాయి. కొన్నాళ్లకి ఏ తెల్లవారుజామునో ఢాబా దగ్గర సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగిపోతుంది. రెండు బ్యాటరీలూ పోతాయి, రాత్రంతా పాటలు పెట్టుకున్నావని తిట్లు మాత్రం డ్రైవర్‌కి పడతాయి. 24ని 12కి దించే కన్వర్టర్ పెట్టి, దాని ముందు ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి లైన్లు తీసుకుంటే ఈ బాధ ఉండదు. అరచేతిలో పట్టేంత డబ్బా అది. కొత్తగా కొన్న బండి అయినా, సెకండ్ హ్యాండ్ బండి అయినా నేను ముందు అదే పెట్టించుకోమంటాను, ఎందుకంటే తర్వాత వచ్చే 12 వోల్టుల వస్తువులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఇక వేడి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల్లో, మొత్తం బరువు 3.5 టన్నులు దాటే వాటన్నిటికీ, ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచి రూలు, ఎప్పుడో రావాల్సింది. కానీ రోడ్డు మీద తిరిగేవాటిలో ఎక్కువ బండ్లు అంతకుముందువే కదా. మే నెలలో పిడుగురాళ్ల నుంచి సిమెంటు లోడుతో బయల్దేరిన డ్రైవర్‌కి పైన ఎండ, పక్కనే ఇంజన్ వేడి. కాళ్ల దగ్గర ఫ్లోరు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఇంజన్ మీది కవరుకీ, ఫ్లోరుకీ వేడి ఆపే షీటు వేయించి దాని మీద రెగ్జిన్ కుట్టిస్తే, నమ్మండి, సగం ప్రాణం లేచొస్తుంది. ఆ తర్వాత 24 వోల్టుల ఫ్యాన్లు రెండు, ఒకటి స్టీరింగ్ వైపు, రెండోది వెనక పడుకునే చోట. రెండోదాన్ని చాలామంది ఎగ్గొడతారు. ముందు దాన్నే పెట్టించండి. నడిచేటప్పుడు కిటికీలోంచి గాలి వస్తుంది, పడుకున్నప్పుడే కదా రాదు.

ఇంజన్ ఆపేసినా నడిచే పైకప్పు ఏసీలు కూడా వచ్చాయి, బ్యాటరీ మీద తిరుగుతాయి. వాటి గురించి అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, బండి బ్యాటరీల మీదే రాత్రంతా దాన్ని తిప్పితే పొద్దున స్టార్ట్ అవ్వదు. దానికి వేరే బ్యాటరీ పెట్టగలిగితేనే ఆ పనికి దిగండి, లేదంటే ఫ్యాన్లే నయం.

టైర్ల దగ్గరికి వస్తే, నాకు బాగా ఇష్టమైన వస్తువు గాలి మీటరు. ప్రతి టైరు వాల్వు మీద క్యాప్‌లా ఒక సెన్సర్ తిప్పి బిగిస్తాం, క్యాబిన్‌లో చిన్న స్క్రీను ఉంటుంది. ఏ టైరులో ఎంత గాలి ఉంది, ఎంత వేడెక్కింది, ఎప్పటికప్పుడు చూపిస్తుంది, తగ్గితే కూత పెడుతుంది. లారీకి వెనక జంట టైర్లుంటాయి కదా, లోపలి టైరు పంక్చర్ అయినా బయటిది బరువు మోసేస్తుంది, డ్రైవర్‌కి స్టీరింగ్‌లో తేడా తెలియదు. గాలి లేని టైరు అలా నలుగుతూ నలుగుతూ వేడెక్కి పేలుతుంది, కొన్నిసార్లు మంట కూడా అంటుకుంటుంది, పక్కన ఉన్నదాన్నీ పాడుచేస్తుంది. అందుకే పాత డ్రైవర్లు ఆగిన ప్రతిచోటా కిందికి దిగి రాడ్డుతో టైరు మీద కొట్టి శబ్దం వింటారు. ఖంగున మోగితే సరే, దబ్‌మంటే గాలి పోయినట్టు. ఆ అలవాటు మీటరు పెట్టాక కూడా మానొద్దు, కానీ వానలో, చీకట్లో లోపలి టైరు కోసం వంగి చూడాల్సిన పని తప్పుతుంది.

పెట్టించుకున్నవాళ్లకి ఒక జాగ్రత్త చెప్పాలి. మధ్యాహ్నం ఎండలో నడిచిన టైరులో గాలి వేడెక్కి రీడింగ్ పెరుగుతుంది. పొద్దున 110 ఉన్నది ఇప్పుడు 125 చూపిస్తోందని టెన్షన్ పడి గాలి వదిలేస్తే రాత్రి చల్లబడ్డాక తక్కువైపోతుంది, అసలు ప్రమాదం అప్పుడే. చల్లగా ఉన్నప్పుడే కొలిచి నింపండి. సెన్సర్లతో పాటు వచ్చే లాక్ నట్లు కూడా తప్పకుండా బిగించమనండి, లేదంటే పార్కింగ్‌లో మాయమవుతాయి.

కొత్త రూళ్ల వల్ల, ఫోన్ వల్ల తగ్గిన బాధల గురించి ఎంత చెప్పినా తక్కువే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు, హైదరాబాద్ రోడ్డులో గరికపాడు దగ్గర లైన్లో నిలబడి కాగితాలు పట్టుకుని తిరిగిన డ్రైవర్లకి అది ఎంత పెద్ద విషయమో తెలుసు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఒక్కో టోల్ గేటు దగ్గరా చిల్లర కోసం వాదన పోయింది. కానీ బ్యాలెన్స్ చూసుకునేది ఓనరు, గేటు దగ్గర ఆగిపోయేది డ్రైవరు. 2025 నవంబర్ 15న వచ్చిన రూలు ప్రకారం ట్యాగు పనిచేయకపోతే క్యాష్‌కి డబుల్, యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. కాబట్టి ఓనర్ గారూ, బ్యాలెన్స్ తగ్గితే వచ్చే మెసేజ్ డ్రైవర్ ఫోన్‌కి కూడా వెళ్లే ఏర్పాటు చేయండి.

ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే బిల్లు, దాని సంగతి చాలామంది డ్రైవర్లకి ఎవరూ సరిగ్గా చెప్పరు. మామూలు సరుకుకి ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన గడువు ఇస్తారు. విజయవాడ నుంచి కోల్‌కతా దాదాపు 1,200 కిలోమీటర్లు, అంటే ఆరు రోజులు. మధ్యలో బండి ఏ శ్రీకాకుళం దగ్గరో పాడై గడువు దాటిపోతే దాన్ని పొడిగించుకునే వీలుంది, అయితే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపే. ఆ టైముకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మోగగానే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేయండి. యాప్ కొత్తగా ఏదీ అక్కర్లేదు.

మ్యాప్ తెలుగులో దారి చెబుతుంది, బాగుంది, కానీ అది లారీని కూడా కారే అనుకుంటుంది. రెండు నిమిషాలు కలిసొస్తుందని సందుల్లోకి, ఎత్తు తక్కువ బ్రిడ్జి కిందికి పంపిస్తుంది. ఊరి లోపల అన్‌లోడింగ్ ఉంటే మాత్రం పార్టీకి ఫోన్ చేసి పెద్ద బండి వచ్చే దారి అడగడమే మంచిది.

డ్యాష్ కెమెరా డ్రైవర్‌ని కాపాడేది. తప్పు ఎవరిదైనా జనం ముందు లారీ డ్రైవర్ కాలరే పట్టుకుంటారు. వెనక నుంచి బైకు వచ్చి దూరిందని ఎవరికి చెప్పినా వినరు, వీడియో ఉంటే వింటారు. కొనేటప్పుడు లోపల లిథియం బ్యాటరీ ఉన్నది వద్దు, అద్దం దగ్గర ఎండకి ఉబ్బిపోతుంది, బ్యాటరీ బదులు కరెంటు దాచుకునే సూపర్ కెపాసిటర్ ఉన్నది అడగండి. బండి బ్యాటరీ వోల్టేజ్ తగ్గితే తనంతట తాను ఆగిపోయేలా వైరింగ్ చేయించండి.

ఇప్పుడు డ్రైవర్ ముఖాన్ని చూసే కెమెరాలు వస్తున్నాయి. రెప్పలు వాలితే కూత పెడతాయి. ప్రమాదం తప్పించాయని చెప్పినవాళ్లు ఉన్నారు, నేను కాదనను. కానీ కళ్లజోడు పెట్టుకుంటేనూ, ఎదురెండ కొడితేనూ ఊరికే అరుస్తోందని దానికి టేపు అంటించిన బండ్లు కూడా మా దగ్గరికి వస్తాయి. ఆ కూత విని లేచిన మనిషి అరగంటన్నా పక్కన ఆపి పడుకునే వీలుండాలి కదా, అది లేకుండా కెమెరా ఒక్కటే ఏం చేస్తుంది?

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల కోసం 1961లోనే చట్టం తెచ్చారు, రోజుకి 8 గంటల పని, 5 గంటలు వరసగా నడిపితే కనీసం అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది, 2025 నవంబర్‌లో దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మరోవైపు అదే డ్రైవర్ నడిపే బండికి మేం జీపీఎస్ బిగిస్తాం. బండి ఆగి కొంతసేపైతే ఓనర్ ఫోన్‌కి అలర్ట్ వెళ్తుంది. రాత్రి రెండింటికి ఒంగోలు దాటి రోడ్డు పక్కన కళ్లు మూసుకున్న డ్రైవర్‌కి ఫోన్ మోగుతుంది, "ఏంట్రా, బండి ఆగింది?" అని. పని మధ్యలో మాట్లాడుతూ డ్రైవర్లు ఈ మాట ఎన్నిసార్లు చెప్పారో. ఆ ఫోన్‌తో లేచిన మనిషి నిద్రమత్తులోనే సెల్ఫ్ కొడతాడు.

ఆ యాప్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే ఇది ఆగుతుంది. చాలా జీపీఎస్ యాప్‌లలో ఆగినప్పుడు వచ్చే అలర్ట్‌కి టైము పెట్టుకోవచ్చు, రాత్రి పూట ఆపేయొచ్చు. ఇంజన్ ఆన్ అయితేనో, బండి కదిలితేనో మోగేలా పెట్టుకోండి, దొంగతనం భయం కూడా ఉండదు. చాలావాటిలో డ్రైవర్‌కి వేరే లాగిన్ కూడా ఇవ్వొచ్చు. మా దగ్గరికి వచ్చే ఓనర్ ఒకాయన అలాగే చేశారు. పడుకునే ముందు డ్రైవర్ "ఐదింటికి లేస్తాను" అని ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు, ఐదు దాకా ఆయన ఫోన్ చేయరు, అన్‌లోడింగ్ పార్టీకి కూడా ఆయనే చెప్పుకుంటారు. జీపీఎస్ బిగించడానికి ఎవరు వచ్చినా ఇప్పుడు వాళ్ల ఫోన్ అడిగి తీసుకుని, ఆ అలర్ట్ ఎక్కడుందో చూపించి, రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా ఆపమని అడుగుతున్నాను. కొందరు ఒప్పుకుంటున్నారు.