డ్రైవర్ తీసేటప్పుడే వచ్చే కెర్నల్ ప్యానిక్: నా అనుభవం

విశాఖపట్నం మధురవాడలో మా ఆఫీసు. సముద్రపు నీటిమట్టం కొలిచే సెన్సర్ల డేటా చదివే పీసీఐ కార్డు చేస్తాం. దాని లినక్స్ డ్రైవర్ పాతవాళ్లు రాసి వెళ్లింది. కార్డు రోజుల తరబడి బాగానే నడిచేది. డ్రైవర్‌ని అన్‌లోడ్ చేసినప్పుడే, అదీ ఎప్పుడో ఒకసారి, కెర్నల్ ప్యానిక్. అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నలే చేతులెత్తేసి, సిస్టమ్ మొత్తం ఆగిపోవడం.

"అన్నా, ప్రింట్‌కే పెడితే రావట్లేదు, తీసేస్తే వస్తోంది" అన్నాడు మా టీమ్ కుర్రాడు. ప్రింట్‌కే (printk) అంటే కెర్నల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్. నాకు అక్కడే రేస్ కండిషన్ (రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్నదాన్ని బట్టి వచ్చే తప్పు) అని అనుమానం వచ్చింది. ప్రింట్ పెడితే టైమింగ్ మారిపోతుంది మరి.

మెమరీ తప్పుల్ని పట్టిచ్చే కెర్నల్ సాధనం కాసాన్ (KASAN) ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేశాం. విడుదలైపోయిన మెమరీని వర్క్ ఫంక్షన్ (క్యూలో పెట్టి, తర్వాత నడిపించే పని) ముట్టుకుంటోందనీ, దాన్ని విడుదల చేసింది రిమూవ్ ఫంక్షన్ (డ్రైవర్ తీసేటప్పుడు నడిచేది) అనీ రిపోర్టులో తేలింది. కానీ రిమూవ్ చదివితే అంతా సరిగ్గానే ఉంది: ముందు వర్క్‌ని ఆపే కాన్సెల్ వర్క్ సింక్, తర్వాత మెమరీని విడుదల చేసే కేఫ్రీ.

చిక్కంతా ఇంటరప్ట్‌లో, అంటే కార్డు సీపీయూకి పంపే సంకేతంలో ఉంది. దాన్ని తీసుకున్నది డెవ్‌ఎం రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ అనే కెర్నల్ ఫంక్షన్‌తో. అలా తీసుకున్న ఇంటరప్ట్‌ని రిమూవ్ పూర్తయ్యాకే కెర్నల్ వదులుతుంది. అంటే వర్క్‌ని ఆపేశాక కూడా ఇంటరప్ట్ వస్తే నడిచే హ్యాండ్లర్ బతికే ఉంది, మళ్లీ వర్క్‌ని క్యూలో పెడుతోంది. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. నిర్ధారించుకోవడానికి కాన్సెల్ వర్క్ సింక్, కేఫ్రీ లైన్ల మధ్య చిన్న ఎమ్‌డిలే, వర్క్ ఫంక్షన్ మొదట్లో అంతకంటే పెద్ద ఎమ్‌స్లీప్ పెట్టాం; రెండూ కోడ్‌ని కాసేపు ఆపేవే. డేటా వస్తుండగా అన్‌లోడ్ చేస్తే చాలు, పడిపోయింది! అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

ఒకే డేటాని ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా ఆపే స్పిన్‌లాక్ పెడదామన్నారు ఒకరు. నేను ఒప్పుకోలేదు. విడుదలయ్యే ఆ స్ట్రక్చర్‌లోనే లాకూ ఉంటుంది, అదే పోయాక ఇక కాపాడేదేముంది? ఇక్కడ కావలసింది వరుస. ముందు కార్డు రిజిస్టర్‌లో ఇంటరప్ట్ ఆపాం. పీసీఐలో రాత వెంటనే కార్డుకి చేరిందన్న గ్యారంటీ ఉండదు కాబట్టి, అదే రిజిస్టర్‌ని తిరిగి చదివాం. తర్వాత ఇంటరప్ట్‌ని వదిలే డెవ్‌ఎం ఫ్రీ ఐఆర్‌క్యూ: వేరే సీపీయూ మీద హ్యాండ్లర్ నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగుతుంది. ఆపైన కాన్సెల్ వర్క్ సింక్, చివర్లో కేఫ్రీ.

డేటా పారుతుండగానే లోడ్, అన్‌లోడ్ లూప్ పెట్టి, కార్‌షెడ్ జంక్షన్‌లో టీ తాగొచ్చాం. తెల్లారేదాకా కాసాన్ ఒక్క లైనూ రాయలేదు. ప్రోబ్ (డ్రైవర్ మొదట కార్డుని సిద్ధం చేసే ఫంక్షన్) మధ్యలో ఫెయిలయ్యే దారిలోనూ అదే తప్పు వరుస కనిపించింది. దాన్ని వేరే ప్యాచ్‌గా సరిచేసి పంపాం.