మా ఊరి క్రాస్ దగ్గర

నిన్న సోమవారం మా ఊరివాళ్లం ముప్పై మందిమి అనంతపురం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు వెళ్లి, 44వ నంబరు జాతీయ రహదారి మీద మా క్రాస్ దగ్గర రంబుల్ స్ట్రిప్పులు (బండ్ల వేగం తగ్గేలా రోడ్డుకు అడ్డంగా వేసే గరుకు పట్టీలు), రాత్రిపూట మెరిసే హెచ్చరిక లైట్లు పెట్టాలని అర్జీ ఇచ్చాము. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. వేరుశనగ కట్టె నింపుకున్న ట్రాక్టరు రోడ్డు దాటడానికి పది సెకన్లు తీసుకుంటుందనుకుంటే, దాని డ్రైవరుకు కనీసం 220 మీటర్ల వరకు దారి స్పష్టంగా కనబడాలి. మా మలుపులోని కంపచెట్లు అందులో సగం కూడా కనబడనివ్వవు. పోయిన ఏడాది మా చిన్నాయన అక్కడే ప్రాణం పోగొట్టుకున్నారు. రోడ్డు మధ్య అణిగిపోయి పడివున్న ఆయన పాల క్యానును నేనే ఇంటికి తెచ్చాను, చిన్నమ్మ దాన్ని ఇప్పటికీ పారేయలేదు. నిన్నటి అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే. రసీదు చేతికి వచ్చింది. ఈ ఆదివారం ఆ కంపచెట్లను మేమే కొట్టబోతున్నాము, కొడవలి పట్టగలిగినవారందరూ ఉదయం ఆరింటికి క్రాస్ దగ్గరికి రండి.