ఇరవై మిషన్లు, ఒక రిటర్న్ లోడ్

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో ఒకేసారి 20 మిషన్లకు (అంటే ఒప్పుకునే పనులకు) మించి చేతిలో పెట్టుకోనివ్వరు. నాకు ఈ సంగతి ఇరవై ఒకటోది ఒప్పుకోబోతుంటే తెలిసింది. అప్పటికి నేనెంత ఆశపోతులా ఉన్నానో దీన్నిబట్టి ఊహించుకోండి.

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్, శుక్రవారం రాత్రి, పక్కన చల్లారిపోతున్న బిర్యానీ. స్టేషన్‌లో దిగి మిషన్ బోర్డు తెరిస్తే అక్కడ పెత్తనం చేసే ఒక్కో ఫ్యాక్షన్ (వర్గం) ఒక్కో పని ఇస్తానంటోంది. ఒకళ్లకి బయోవేస్ట్ చేరవేయాలి, ఒకళ్లకి ఎక్కణ్ణుంచో మందులు కొనుక్కురావాలి, ఇంకొకళ్లకి సముద్రపు దొంగల్ని లేపేయాలి (అంతరిక్షంలో సముద్రం ఎక్కడిదని అడక్కండి). డబ్బు కనిపిస్తే చాలు, నొక్కుకుంటూ పోయాను. నా ఓడ పైథాన్ రకం. రక్షణకి షీల్డు, నక్షత్రాల నుంచి ఇంధనం పట్టే ఫ్యూయల్ స్కూప్ పోగా 192 టన్నుల సరుకు పడుతుంది. డెలివరీ సరుకులతోనే అదంతా నిండిపోయింది. ఇక ఎక్కడో కొని తెస్తానని మాటిచ్చిన సరుకు ఎక్కడ పెట్టాలి? పైగా ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి.

అందులో ఒకటి ఆల్ఫా సెంటారీలోని హట్టన్ ఆర్బిటల్‌కి. సూర్యుడి పక్క వీధే కదా అనుకున్నాను. జంప్ చేసి దిగాక చూస్తే స్టేషన్ ఇంకా 0.22 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే కాంతికే రెండున్నర నెలలకు పైగా పడుతుంది. కాంతిని మించి పరిగెత్తించే సూపర్‌క్రూజ్‌లో కూడా దాదాపు గంటన్నర. ఆ దూరం బోర్డు మీదే రాసి ఉంటుంది, చదివితేగా! శనివారం పొద్దున్నంతా ఓడ ముక్కు అటు తిప్పి పెట్టి బట్టలు ఉతుక్కున్నాను.

అదే సాయంత్రం మేనమామ కూతురి నిశ్చితార్థానికి బస్సెక్కాలి. ఈ గేమ్‌లో మిషన్ గడువు మన గడియారంతోనే నడుస్తుంది, కంప్యూటర్ ఆపేసి ఊరికి పోయినా ఆగదు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే ఏడు పూర్తి, మిగతావన్నీ ఫెయిల్. జరిమానాలు, పరువు నష్టం, ఫ్యాక్షన్లలో ఉన్న కాస్త పేరూ గోవిందా. దానికి తోడు నా ఓడలో ఉన్న సరుకంతా ఇప్పుడు దొంగ సరుకు కింద లెక్క. మామూలు మార్కెట్‌లో కొనరు, స్టేషన్ దగ్గర స్కాన్ చేస్తే మళ్లీ జరిమానా. బయోవేస్ట్ దొంగతనం చేసిన మొదటి తెలుగువాణ్ణి నేనే అయ్యుంటాను.

తర్వాతి నెల నాన్న కళ్ల పరీక్షకని వచ్చి వారం రోజులు ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయనకి లారీ బుకింగ్ ఆఫీసు ఉండేది, ముప్పై ఏళ్లు అదే పని. ఒక రాత్రి నా వెనక కుర్చీ వేసుకుని కూర్చుని కాసేపు చూశారు.

"ఏం లోడురా అది?"

"చెత్త, నాన్నా."

"సరే. దించాక అక్కణ్ణుంచి ఏం ఎక్కిస్తావు?"

"ఏం లేదు, వెనక్కి వచ్చేస్తా."

"ఖాళీగానా?" అని నా వైపు చూసిన చూపుంది చూశారూ, ఇంటర్‌లో మ్యాథ్స్ మార్కులు చెప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

ఆయన కాలంలో చెన్నైకి లోడు పంపేముందే అక్కణ్ణుంచి రిటర్న్ లోడ్ మాట్లాడుకునేవారట. కిరాయి కాస్త తక్కువైనా సరే, డీజిలు ఖర్చు వస్తే చాలు. గేమ్‌లో చిక్కేంటంటే అవతలి స్టేషన్ బోర్డు ఇక్కణ్ణుంచి కనబడదు. కానీ మిషన్లు ఎక్కువగా చుట్టుపక్కల నక్షత్ర సిస్టమ్‌లకే పడతాయి కాబట్టి, చుట్టుపక్కల పెద్దగా ఎవరూ లేని రెండు సిస్టమ్‌లు దొరికితే ఒకదాని పనులన్నీ రెండోదానికే వస్తాయి. సోథిస్, సెయాస్ జంటకి ఒకప్పుడు అంత పేరొచ్చింది అందుకే. ఇక నేను కూడా అలా ఒక జంటని పట్టుకుని అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. రెండు వైపులా పేరు పెరిగే కొద్దీ మంచి రేటున్న పనులు వాటంతటవే వస్తున్నాయి.

ఇప్పుడు ఎనిమిది, మహా అయితే పది మిషన్లు, అంతే. నోట్‌బుక్‌లో స్టేషన్ పేరు, టన్నులు, గడువు రాసుకుంటాను. ఓడలో పావు వంతు ఖాళీగా వదిలేస్తాను, దారిలో ఏదైనా తగిలితే ఎక్కించడానికి. ఏడొందల టన్నులకు పైగా మోసే టైప్-9 ఓడ కొందామని మనసు లాగింది గానీ, దిగడానికి దానికి పెద్ద ప్యాడ్ కావాలి, ఔట్‌పోస్టులనే చిన్న స్టేషన్లలో దిగదు. "పద్నాలుగు చక్రాల బండి సందులోకి ఎలా పోతుందిరా?" అని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు.

దొంగల వేట మిషన్ల లెక్క మాత్రం ఆయనకి నచ్చలేదు. ఒకే ముఠా మీద నాలుగు ఫ్యాక్షన్ల దగ్గర నాలుగు మిషన్లు తీసుకుంటే, ఒక్కణ్ణి చంపితే నాలుగింటిలోనూ లెక్క పడుతుంది (ఒకే ఫ్యాక్షన్ దగ్గర నాలుగు తీసుకుంటే మాత్రం ఒకటయ్యాకే రెండోది). "ఒక్క లోడుకి నలుగురి దగ్గర కిరాయా? మా దగ్గరైతే తంతారు," అన్నారు. నిజానికి గేమ్ మొత్తంలో డబ్బు బాగా వచ్చే పనుల్లో అదొకటి. నేను వదులుకోలేదు.

1984లో వచ్చిన అసలు ఎలైట్ గురించి చెబితే మాత్రం ఆసక్తిగా విన్నారు. 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్ మీద ఎనిమిది గెలాక్సీలు, చేతిలో 20 టన్నులు మోసే కోబ్రా ఓడ, చౌకగా కొని ఎక్కువకి అమ్ముకోవడం. "ఆ ఏడు మన ఆఫీసుకి ఫోను కూడా లేదు," అన్నారు.

నిన్న రాత్రి ఫోన్ చేశారు. నా దగ్గర ఏడు మిషన్లు, ఒకదానికి రెండు గంటలే గడువు.

"ఆ చెత్త లోడుకి కిరాయి ఎక్కువ అడిగావా?"

"బోర్డు మీద ఎంత రాస్తే అంతే నాన్నా. బేరం ఆడనివ్వరు."

"బేరం లేదా!" అని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అమ్మకి ఇచ్చేశారు.