ఒక్క లైనే కదా అన్నారు

పడుకుందామంటే డేటాబేస్ సెట్టింగ్ మార్చడం "ఒక్క లైనే కదా" అని పొద్దున మేనేజర్ అన్న మాట చెవిలో గింగురుమంటోంది, అందుకే మళ్లీ లాప్‌టాప్ తెరిచా. మా ఆయన అప్పుడే గురక మొదలెట్టాడు.

కొత్త సర్వర్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఉంది, వేరే మెషీన్లో ఉన్న అప్లికేషన్ దానికి కనెక్ట్ అవ్వాలి, అంతే పని. మా టీమ్ కుర్రాడు అది ఏ అడ్రసుల మీద వినాలో చెప్పే లిజన్ అడ్రసెస్ సెట్టింగ్‌లో లోకల్‌హోస్ట్ (అంటే ఆ మెషీన్ లోపలి నుంచే) తీసేసి స్టార్ (అంటే అన్ని అడ్రసులూ) పెట్టి, రీలోడ్ కొట్టి (ఆపకుండానే సెట్టింగులు మళ్లీ చదివించి), అయిపోయిందక్కా అన్నాడు. ఎక్కడ అయింది? ఉలుకూ పలుకూ లేదు, కాసేపటికి టైమౌట్. అది ఫైర్‌వాల్, బయటి కనెక్షన్లను అడ్డుకునే గోడ. పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432 తెరిపించాక ఈసారి రిఫ్యూజ్డ్, అంటే తలుపు దగ్గరికి వెళ్లాం గానీ లోపల వినేవాడు లేడు. ఏ ప్రోగ్రామ్ ఎక్కడ వింటోందో చూపే ఎస్‌ఎస్ కమాండ్ కొట్టి చూస్తే పోస్ట్‌గ్రెస్ ఇంకా 127.0.0.1 మీదే, అంటే లోకల్‌హోస్ట్ మీదే కూర్చుంది. ఆ సెట్టింగ్‌కి రీలోడ్ చాలదు, రీస్టార్టే కావాలి, ఎవరిని రానివ్వాలో రాసే పక్కనున్న పీజీ హెచ్‌బీఏ ఫైల్‌కేమో రీలోడ్ చాలు. ఇదేం పద్ధతో! పెట్టగానే పనిచేసేలా ఇవ్వొచ్చుగా, అన్నీ మూసి ఇవ్వడం దేనికి అని సాయంత్రం దాకా తిట్టుకుంటూనే ఉన్నా.

రీస్టార్ట్ చేశాక "ఈ హోస్ట్‌కి ఎంట్రీ లేదు" అని ఎర్రర్ వచ్చింది, అంటే ఆ పీజీ హెచ్‌బీఏ ఫైల్లో మా అప్లికేషన్ మెషీన్‌కి లైను లేదని. నాకు ప్రాణం లేచొచ్చింది, సర్వర్ దాకా చేరాం మరి. కుర్రాడు మాత్రం తల పట్టుకుని, అందులో 0.0.0.0/0 ట్రస్ట్ (అంటే ఎక్కడి నుంచి ఎవరొచ్చినా పాస్‌వర్డ్ అడక్కుండా రానివ్వడం) పెట్టేద్దాం అక్కా, తర్వాత సరిచేద్దాం అన్నాడు.

తర్వాతట! పాత ఆఫీసులో మోంగోడీబీ అనే ఇంకో రకం డేటాబేస్ టెస్ట్ సర్వర్ ఒకటి అలాగే పాస్‌వర్డ్ లేకుండా బయటికి తెరిచి ఉండేది. 2017 మొదట్లో అలాంటి సర్వర్లు హ్యాకర్లు వేలల్లో ఊడ్చేశారు కదా, మాదీ అందులో పోయింది. సోమవారం వచ్చి చూస్తే కలెక్షన్లన్నీ (డేటా దాచే పట్టికల్లాంటివి) మాయం, మిగిలింది ఒక్క డాక్యుమెంట్, బిట్‌కాయిన్ కడితే డేటా ఇస్తామని. అందరం స్క్రీన్ చుట్టూ మూగాం, దాంట్లో ఇంగ్లీషు తప్పులు చూసి నవ్వినవాడు కూడా ఉన్నాడు. బ్యాకప్ ఉందా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉత్త టెస్ట్ డేటానే అని పైకి చెప్పారు గానీ అందులో అసలు కస్టమర్ల ఫోన్ నంబర్లున్నాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగో కూడా మనం మార్చకపోతే లోకల్‌హోస్ట్ మీదే వింటోంది.

ఇది టైప్ చేస్తుంటే నా తిట్లు నాకే అన్యాయంగా అనిపిస్తున్నాయి. మూసి ఇవ్వడమే నయం, ఆ రీస్టార్ట్ గోల తప్ప.

చివరికి అప్లికేషన్ సర్వర్ ఐపీకి స్లాష్ 32 (అంటే ఆ ఒక్క అడ్రసుకే), పాస్‌వర్డ్ అడిగే స్క్రామ్ పెట్టాం, కనెక్ట్ అయింది. కానీ లిజన్ అడ్రసెస్‌లో స్టార్ అలాగే ఉండిపోయింది. దాన్ని తీసి లోపలి ఐపీ ఒక్కటే పెట్టాలి, దానికి మళ్లీ రీస్టార్ట్, అది రాత్రే కుదురుతుంది. రేపు కుర్రాణ్ణి మేలుకొని ఉండమంటా.