మీటప్ లాగ్: స్పీకర్లు తగ్గారు, తిరిగొచ్చేవాళ్లు పెరిగారు

సోషల్ మీడియా వాళ్లనీ టెక్ స్టార్టప్ వాళ్లనీ ఒకే రూమ్‌లో కూర్చోబెట్టాలని నెలనెలా పెడుతున్న మీటప్ ఉంది కదా, ఇది దాని తాజా అప్‌డేట్. వచ్చే జనం సంఖ్య పెద్దగా పెరగలేదు, దాని గురించి నాకు బెంగ కూడా లేదు. నేను షీట్‌లో రాసుకునేవి రెండే కాలమ్స్: మూడోసారి వచ్చినవాళ్లు ఎవరు, రెండు మీటప్‌ల మధ్యలో నాతో సంబంధం లేకుండా వాళ్లలో వాళ్లు ఎవరెవరు కలిశారు. ఈ రెండూ పైకి పోతున్నాయి. రెండో కాలమ్ నింపాలంటే అందర్నీ అడగాల్సి వస్తోంది, ఆ కలయికలు నాకు తెలియకుండానే జరిగిపోతున్నాయి, అదే కావాల్సింది.

అసలు ఈ రెండు గుంపుల్నీ ఎందుకు కలపడం అని ఇంకా అడుగుతున్నారు. యాప్ చేసినవాడి దగ్గర ప్రోడక్ట్ ఉంటుంది, వాడటానికి మొదటి వందమంది ఉండరు. పేజీ నడిపేవాళ్ల దగ్గర ఫాలోయర్స్ ఉంటారు, వాళ్లకి ఏం అమ్మాలో, రోజూ చేత్తో చేసే పనిలో ఏది ఆటోమేట్ చేయొచ్చో తెలీదు. ఇద్దరూ ఒకే ప్రాంతంలో ఉంటారు, ఒకే భాషలో పని చేస్తారు, కానీ ఒకళ్ల ఫీడ్‌లోకి ఇంకొకళ్లు రారు. 1973లోనే మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ చూపించాడు, ఉద్యోగం సంగతి లాంటి కొత్త సమాచారం దగ్గరి స్నేహితుల కన్నా అప్పుడప్పుడూ కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువ వస్తుందని, ఎందుకంటే దగ్గరివాళ్లకి తెలిసినవి మనకీ తెలిసే ఉంటాయి. మీటప్ చేసే పనంతా ఆ అప్పుడప్పుడూ కలిసే పరిచయాల్ని తయారుచేయడమే, స్పీచ్‌లు వినాలంటే యూట్యూబ్ ఉండనే ఉంది.

తేదీ విషయంలో ఇక చర్చ లేదు. నెలలో ఫలానా వారం, ఫలానా రోజు, అదే టైమ్, అంతే. పోల్ పెట్టి అందరికీ కుదిరే రోజు వెతకడం మానేశాం, అందరికీ కుదిరే రోజు అనేది ఉండదు, పోల్ పెట్టిన ప్రతిసారీ నాలుగు రోజులు దానికే పోతాయి. తేదీ ఫిక్స్ అయ్యాక ఈ నెల రానివాళ్లు కూడా వచ్చే నెల ఎప్పుడో అడగాల్సిన పని లేదు. అమెరికాలోని బౌల్డర్‌లో టెక్‌స్టార్స్ అనే స్టార్టప్ యాక్సిలరేటర్ (కొత్త కంపెనీలకి పెట్టుబడీ సలహాలూ ఇచ్చే సంస్థ) పెట్టినవాళ్లలో ఒకడైన బ్రాడ్ ఫెల్డ్ ఇలాంటి కమ్యూనిటీల గురించి చెప్పేది ఏంటంటే, నడిపేది ఫౌండర్లే అయ్యుండాలి, ఇరవై ఏళ్ల చూపు ఉండాలి, ఎవరొచ్చినా చేర్చుకోవాలి, జనం పాల్గొనే పనులు ఆగకుండా జరుగుతూ ఉండాలి అని. ఇరవై ఏళ్ల సంగతి నేను చెప్పలేను గానీ ఆ నాలుగోది మాత్రం తేదీ ఫిక్స్ చేస్తేనే అవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఫార్మాట్. ముందు అందరూ చేసినట్టే ఒక పెద్ద స్పీకర్, గంట టాక్, చివర్లో పది నిమిషాలు ప్రశ్నలు, ఆ తర్వాత నెట్‌వర్కింగ్ అని పెట్టేవాళ్లం. స్పీకర్‌కి పేరుంటే హాల్ నిండేది, పేరు లేకపోతే సగం ఖాళీ, అంటే వచ్చేది మీటప్‌కి కాదు ఆ మనిషికి, ఆ మనిషి వెళ్లిపోతే వీళ్లూ వెళ్లిపోతారు. అందుకని పాత కాలపు మోడల్ ఒకటి పట్టుకున్నాం. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన గరాజ్‌లో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది, సొంతంగా కంప్యూటర్లు చేసుకునే సరదా ఉన్నవాళ్ల క్లబ్, యాపిల్ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కూడా వెళ్లేవాడు. తర్వాత్తర్వాత లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఇంజినీర్ మోడరేట్ చేసేటప్పుడు దాని మీటింగ్ రెండు ముక్కలుగా ఉండేది. మొదటి ముక్క మ్యాపింగ్, ఒక్కొక్కరూ లేచి నా దగ్గర ఇది ఉంది, నాకు ఇది కావాలి, నేను విన్న కబురు ఇది అని చెప్పడం. రెండోది ర్యాండమ్ యాక్సెస్, అంటే ఇందాక ఎవరి మాట నచ్చిందో వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడుకోవడం. ఇంతే. మైక్ ఇచ్చి పిచ్ కొట్టమని కాదు, ఎవరిని వెతుక్కుంటూ వెళ్లాలో అందరికీ తెలిసేలా చేయడం.

మా రెండు గంటలు ఇప్పుడు ఇలా నడుస్తోంది. తలుపు అరగంట ముందే తీస్తాం, తొందరగా వచ్చేవాళ్లు సాధారణంగా మొహమాటస్తులు, వాళ్లకి కుర్చీలు జరపడమో స్టిక్కర్లు పెట్టడమో ఏదో ఒక పని చెబితే అప్పుడే నలుగురితో మాట కలుస్తుంది. తర్వాత మ్యాపింగ్, ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు, పేరు, ఒక ‘ఉంది’, ఒక ‘కావాలి’. టైమర్ పెద్ద స్క్రీన్ మీద అందరికీ కనపడాలి, నేను చేయి ఊపి ఆపితే కోపం వస్తుంది, టైమర్ మోగితే ఎవరికీ రాదు. ముప్ఫై మంది దాటితే దీన్ని రెండు సర్కిల్స్‌గా విడగొట్టాలి, లేకపోతే చివరివాళ్ల వంతు వచ్చేసరికి మొదటివాళ్లు ఫోన్లలో ఉంటారు. తర్వాత ఇద్దరికి మాత్రం ఐదేసి నిమిషాలు, ఇగ్నైట్ పద్ధతిలో, ఇరవై స్లైడ్లు, ఒక్కోటి పదిహేను సెకన్లకి దానంతట అదే మారిపోతుంది (2006లో సియాటిల్‌లో మొదలైన పద్ధతి). ఇలాంటిదే ఇంకో పద్ధతి పెచకుచ, దాంట్లో స్లైడ్‌కి ఇరవై సెకన్లు ఇస్తారు, మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు అవుతుంది, మాకు ఐదే సరిపోయింది. ఆటో అడ్వాన్స్ వల్ల మంచేంటంటే కంపెనీ చరిత్ర చెప్పడానికి టైమ్ ఉండదు, సూటిగా పనిలోకి వస్తారు.

టాక్ అయ్యాక ప్రశ్నల్లో చివరిది ఎప్పుడూ ఒకటే: మేము మీకు ఏం సాయం చేయగలం? ఇది వన్ మిలియన్ కప్స్ అనే స్టార్టప్ వాళ్ల మీటప్ నుంచి తీసుకున్నాం, 2012లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో కాఫ్‌మన్ ఫౌండేషన్ మొదలుపెట్టింది, అక్కడ ప్రతి ప్రెజెంటేషన్ చివర్లో ఈ ప్రశ్న వేస్తారు. దీనికి జవాబు ‘ఫండింగ్ కావాలి’ అని వస్తే ఒప్పుకోం, ఈ రూమ్‌లో ఉన్నవాళ్లు ఈ వారంలో చేయగలిగింది అడగాలి. ఒకామె చేనేత డిజైన్ల పేజీ నడుపుతుంది, పది మంది తన ఆర్డర్ ఫామ్ నింపి ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పమంది, అక్కడే ఫోన్లు తీసి నింపేశారు, ఆ ఫామ్‌లో పిన్‌కోడ్ దగ్గర కీబోర్డ్ అంకెలకి బదులు అక్షరాలు తెరుస్తోందని తేలింది. ఇంత చిన్న విషయం అని మీకనిపించొచ్చు, ఆ తర్వాత ఫామ్ సరిచేసిన కుర్రాడూ ఆమే ఇప్పుడు కలిసి పని చేస్తున్నారు. మిగిలిన గంట ర్యాండమ్ యాక్సెస్, నేను మైక్ ఆఫ్ చేసి పక్కన పెట్టేస్తాను.

ఆ గంటలో జనం ఎలా నిలబడతారన్నది చాలా ముఖ్యం. ఊరికే వదిలేస్తే పెళ్లి భోజనాల దగ్గరలాగా తెలిసినవాళ్లంతా ఒక వరసలో చేరిపోతారు. టెక్ కాన్ఫరెన్సులు నడిపే ఎరిక్ హోల్షర్ ప్యాక్‌మ్యాన్ రూల్ అని ఒకటి చెప్పాడు, గుంపుగా నిలబడినప్పుడు ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత జాగా తెరిచి ఉంచాలి, పాత వీడియో గేమ్‌లో నోరు తెరుచుకుని తిరిగే ప్యాక్‌మ్యాన్ బొమ్మలాగా, ఎవరైనా వచ్చి చేరితే మళ్లీ ఇంకో జాగా. మొదట్లోనే ఇది బొమ్మ వేసి చూపిస్తాం, నవ్వుతారు, కానీ చేస్తారు. కుర్చీలు సగం తీసేస్తాం, అన్నీ ఉంటే కూర్చుండిపోతారు, అసలు లేకపోతే పెద్దవాళ్లకి ఇబ్బంది. పేరు స్టిక్కర్ మీద పేరు తెలుగులో పెద్దగా, కింద కంపెనీ కాదు, ‘నన్ను దీని గురించి అడగండి’ అని ఒక ముక్క. కంపెనీ పేరు రాస్తే ఎదుటివాళ్లు ముందు హోదా లెక్క వేసుకుంటారు.

బ్యాగ్‌లో ఉండాల్సినవి: హెచ్‌డిఎంఐ కేబుల్ పొడుగుది, టైప్ సి అడాప్టర్, జంక్షన్ బాక్స్ రెండు, లావు మార్కర్లు (సన్నవి దూరం నుంచి కనపడవు), పేపర్ టేప్, స్లైడ్లన్నీ ముందే ఎక్కించిన ఒకే ల్యాప్‌టాప్. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తగిలించుకునే పద్ధతి వద్దే వద్దు, ఇద్దరి టాక్‌కి మధ్య ఐదు నిమిషాలు అలా గాల్లో పోతాయి. వెన్యూ ఎంచేటప్పుడు ప్రొజెక్టర్ కన్నా ముందు చూడాల్సింది రాత్రిపూట బస్సు దొరుకుతుందా, బయట లైట్లు ఉన్నాయా, టాయిలెట్ శుభ్రంగా ఉందా. ముగిసే టైమ్ కూడా పోస్టర్ మీద వేసి ఆ టైమ్‌కే ముగించడం మొదలుపెట్టాక ఆడవాళ్ల రాక స్పష్టంగా పెరిగింది. ఇంట్లో చెప్పి రావడానికి వాళ్లకి ముందు ఆ టైమే కావాలి మరి.

రిజిస్ట్రేషన్ సంగతి. ఫ్రీ ఈవెంట్‌కి ‘వస్తున్నాం’ అన్నవాళ్లంతా రారు, ఇది అందరికీ తెలిసిందే, కాబట్టి సీట్ల కన్నా కాస్త ఎక్కువమందికి ఒప్పుకుంటాం. ముందు రోజు మెసేజ్‌లో ‘మర్చిపోకండి’ అని రాస్తే ఫలితం ఉండదు, ‘రాలేకపోతే ఒక్క మాట చెప్పండి, వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఇస్తాం’ అని రాస్తే నిజంగా చెబుతారు. ఫామ్‌లో మూడే ప్రశ్నలు, ఫోన్ నంబర్ల షీట్ ఎవరికీ ఇవ్వం, స్పాన్సర్ అడిగినా సరే. ఇలాంటి ఈవెంట్లు పెట్టుకునే మీటప్ డాట్ కామ్ సైట్ (2002 నుంచి ఉంది, 2024లో బెండింగ్ స్పూన్స్ అనే ఇటలీ కంపెనీ కొనుక్కుంది) వాడాలంటే ఆర్గనైజర్ చందా కట్టాలి, కొత్త మనుషులకి కనపడటానికి పనికొస్తుంది, ఎలాగూ మనవాళ్లు వాట్సాప్‌లోనే ఉంటారు కాబట్టి మేము మామూలు ఫామ్‌తో లాగిస్తున్నాం.

వాట్సాప్ గురించి చాలా చెప్పొచ్చు గానీ క్లుప్తంగా: రెండు గ్రూపులు. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది, తేదీ, వెన్యూ, అంతే. రెండోది మాట్లాడుకునేది, కానీ దాంట్లోకి రావాలంటే ఒక్కసారైనా మీటప్‌కి వచ్చి ఉండాలి. గ్రూప్‌లో 1024 మంది దాకా పట్టొచ్చు, పట్టినంతమందినీ ఎక్కించాలని రూలేం లేదు, మొహం చూసినవాళ్లు ఉన్న గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటోలు, క్రిప్టో లింకులు వాటంతటవే తగ్గిపోయాయి. ఆన్‌లైన్ పెంచి దాన్నుంచి మీటప్‌కి జనాన్ని తేవాలని చాలామంది చూస్తారు, మా దగ్గర రివర్స్‌లో పని చేసింది. ఆ మాటకొస్తే హ్యాష్‌ట్యాగ్ కూడా అలా వచ్చిందే, 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా ట్విట్టర్‌లో గ్రూపుల కోసం # గుర్తు వాడదామా అని అడిగినప్పుడు ఇచ్చిన ఉదాహరణ #బార్‌క్యాంప్, మనుషులు ఎదురెదురుగా కలిసే ఈవెంట్.

ఫొటోలకి ఒక చిన్న ఏర్పాటు, ఫొటో వద్దనుకునేవాళ్లకి ఎర్ర చుక్క స్టిక్కర్, రీల్స్ తీసేవాళ్లు అది చూసుకోవాలి. రీల్స్ మొదటి పావుగంటలోనే, తర్వాత కెమెరాలు లోపల పెట్టాలి, కెమెరా ఉన్నంతసేపూ ఫౌండర్లు నష్టాల గురించి నోరు విప్పరు. ఇక్కడ విన్నది బయట వాడుకోవచ్చు కానీ ఎవరన్నారో చెప్పకూడదు, ఇదీ ముందే చెబుతాం, లండన్‌లోని చాటమ్ హౌస్ అనే మేధో సంస్థ 1927లో పెట్టుకున్న చాటమ్ హౌస్ రూల్ ఇదే.

సర్వీసులు అమ్ముకోవడానికి వచ్చేవాళ్ల బెడద ఇంకా ఉంది, ఫాలోయర్స్ పెంచుతాం, వెబ్‌సైట్ చేసిపెడతాం అని కార్డులు పంచుకుంటూ తిరుగుతారు. వాళ్లని బయటికి పంపట్లేదు, మ్యాపింగ్‌లో ‘ఉంది’ కింద ఒక్కసారి చెప్పుకోమంటున్నాం, ఆ తర్వాత జనమే వాళ్ల దగ్గరికి వస్తే మాట్లాడొచ్చు. స్పాన్సర్‌కి కూడా ఇదే లెక్క, హాల్ ఇస్తే లోగో వేస్తాం, మైక్ మాత్రం ఇవ్వం. ఒక కంపెనీ ఈ షరతు విని తప్పుకుంది, వెన్యూ మార్చాల్సి వచ్చింది, మారిన చోట బస్ స్టాప్ ఇంకా దగ్గర.

ఇక ముందున్న పని. వచ్చే నెల హోస్ట్ చేసేది నేను కాదు, చేనేత పేజీ ఆమె, టైమర్ ఇంకొకరు చూస్తారు, చెక్‌లిస్ట్ అంతా ఒక డాక్‌లో రాసి వాళ్లకి ఇచ్చాను. రెండు నెలల తర్వాత సగం రోజు బార్‌క్యాంప్ పద్ధతిలో చేయాలని ఉంది, 2005లో పాలో ఆల్టోలో మొదటిది చేసినట్టు, అజెండా పొద్దున వచ్చినవాళ్లే గోడ మీద రాసుకోవడం, బోర్ కొడితే లేచి పక్క సెషన్‌కి పోవడం. దానికి మూడు రూములూ, ఖాళీ గోడా ఉన్న చోటు కావాలి. ఇప్పటికి చూసిన రెండు చోట్లా గోడకి టేప్ అంటించొద్దన్నారు, చక్రాల వైట్‌బోర్డులు అద్దెకి దొరుకుతాయేమో అడుగుతున్నాం.