టేపు పట్టుకున్న ఆరు నెలలు

సివిల్ ఇంజినీరింగ్ చదివి, కంప్యూటర్లో ప్లాన్లు గీయడంలో చెయ్యి తిరిగినవాణ్ణి. పాత ఇళ్లకు మార్పులు చేసే చిన్న డిజైన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చి ఈ దేశంలో దిగితే, మా బాసు ఆరు నెలల దాకా నన్ను గీత గీయనివ్వలేదు. చేతికి టేపు, లేజర్ మీటరు ఇచ్చి ఇళ్లకు పంపింది. ఫోన్లో అమ్మ "ఏం పనిరా?" అంటే "డిజైనింగ్" అనేవాణ్ణి. గోడలు కొలుస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

మొదటి ఇంట్లోనే దొరికిపోయాను. గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3. రాసుకుని వచ్చేశాను. "ఐమూలగా కొలిచావా?" అంది ఆవిడ. మూలలు సరిగ్గా ఉంటే ఐమూల 5 మీటర్లు రావాలి. మళ్లీ వెళ్లి చూస్తే ఒకటి 5.06, రెండోది 4.94. అంటే మూలలు సరిగ్గా లేవు, ఒక గోడ ఏడు సెంటీమీటర్లకు పైనే పక్కకు జరిగి ఉంది. కంటికి ఆనదు కానీ, గోడ నుంచి గోడకు చేయించిన అల్మరా అందులో పట్టదు.

టాయిలెట్‌ను ఎక్కడికైనా జరపొచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. దాని మురుగు పైపుకి 1:40 వాలు ఇస్తే, 4 మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్లు దిగాలి. నేల కింద ఆ చోటు లేకపోయినా, చెక్క దూలాలు అడ్డం వచ్చినా ఆ ప్లాన్ అక్కడితో సరి. ఇక గోడను తట్టి చూసి "బోలుగా ఉంది, తీసేద్దాం" అనేవాళ్లంటే నాకిప్పటికీ టెన్షనే. బోలు గోడ కూడా పై అంతస్తు బరువు మోస్తూ ఉండొచ్చు. అది తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు.

కొలతలు ఎలాగో పట్టుబడ్డాయి. మాటలే భయం. ఒక పెద్దవయసు దంపతులు వంటగది పెద్దది చేయమన్నారు. ఆ తర్వాత చెప్పిందేదీ వాళ్ల యాసలో నాకు సగం కూడా అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ అడగలేక, "పొద్దున లేచాక ఏం చేస్తారో నడిచి చూపించండి" అన్నాను. ఆయన ఫ్రిజ్ తలుపు తీశారు. ఆవిడ బట్టల బుట్టతో వచ్చి అక్కడే ఆగిపోయారు. వాషింగ్ మెషీన్ వంటగది ఆ చివర ఉంది. రోజూ ఇదే తంతట. గది చిన్నది కాదు, అది దారి అయిపోయింది.

మెషీన్‌ను మెట్ల కిందికి మార్చి గీశాను. పక్కనే బాత్రూమ్ గోడ, నీళ్లూ డ్రెయినూ అక్కడే. ఆఫీసులో నేను గీసిన మొదటి ప్లాన్ అదే, గోడ ఒక్కటీ కదల్లేదు. బాసు చూసి, నేల మీద మాస్కింగ్ టేపు అంటించి వాళ్లకు చూపించమంది. అంటించాను. ఆవిడ ఖాళీ బుట్ట పట్టుకుని మెట్ల వైపు బయల్దేరారు. సగం దూరం వెళ్లి, అలవాటు కొద్దీ వంటగదిలోకే తిరిగారు.