పోడుకి ఎన్ని పేర్లో!

కోచింగ్ రోజుల్లో 'జతపరచండి' ప్రశ్న అంటేనే నాకు టెన్షన్. ఓ మాక్ టెస్టులో పోడుకి, అంటే అడవి కొట్టి కాల్చి చేసే సాగుకి, ఏ దేశంలో ఏ పేరో జతపరచమన్నారు. 'చేన'ని తీసుకెళ్లి మడగాస్కర్ పక్కన పెట్టాను. మన 'చేను'లా వినిపించే మాట పక్కనున్న శ్రీలంకది కాక ఎక్కడిదవుతుంది? అర మార్కు పోయింది. మడగాస్కర్‌ది 'తావీ'.

ఆ కసితో నోట్‌బుక్‌లో ఓ పేజీ మొదలుపెట్టాను. మనకి పోడు, ఈశాన్య రాష్ట్రాల్లో ఝూమ్, ఇండోనేషియాలో లడాంగ్, ఫిలిప్పీన్స్‌లో కైంగిన్, మెక్సికోలో మిల్పా. రాసేకొద్దీ పేరే కాదు, పద్ధతి కూడా మారుతోందని తెలిసింది. మిల్పాలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో పెరుగుతాయి. చిక్కుడు తీగకి మొక్కజొన్న కాడే పందిరి.

నాకు బాగా నచ్చింది ఉత్తర జాంబియాలోని బెంబా వాళ్ల 'చిటెమెనె'. చెట్టుని మొదలంటా నరకరు. మగవాళ్లు పైకెక్కి కొమ్మలు కొట్టేస్తారు. చుట్టూ పెద్ద విస్తీర్ణంలో కొట్టినవన్నీ మధ్యలో ఓ చిన్న మడిలోకి చేరవేసి, ఎండాక వానలకి ముందు కాల్చి, ఆ బూడిదలో రాగులు చల్లుతారు. బూడిదతో పొటాష్, ఫాస్ఫరస్ అందుతాయి, నేలలో పులుపు తగ్గుతుంది. నత్రజని మాత్రం చాలావరకు పొగలోనే పోతుంది.

ఇదంతా వేడి దేశాల సంగతే అనుకున్నాను. ఫిన్లండ్‌లోనూ స్ప్రూస్ చెట్ల అడవి కాల్చి రై అనే ధాన్యం పండించేవాళ్లట! దాని పేరు 'హూహ్తా'. రెండుసార్లు కొట్టేసి రాశాను.